పేరు లేని ప్రార్థన

"ఒక్క తూరి మొగం చూసి పోతానయ్యా! తలుపు తియ్యండి!"

వీరాయి మిల్లు గేటు చువ్వలు రెండు చేతులతో పట్టుకుని ఊపుతోంది. లోపల వాచ్‌మన్ అటు తిరిగి నిలబడ్డాడు. ఎండకి ఇనుము కాలిపోతోంది. ఆ వేడి ఆమెకి తెలియడం లేదు. తెలుస్తున్నది గుండె ఒక్కటే. అది ఉండవలసిన చోట లేదు. గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది.

పోయిన వారం మనం ఆమెని వదిలిపెట్టింది ఈ గేటు ముందే. మిక్సింగ్ గదిలో పత్తి బేళ్ళ మధ్య మంట లేచింది. పత్తి ఏరే ముసలామె పాప్పమ్మాళ్ అందులో చిక్కుకుంది. ఆమెని భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాడు వీరాయి భర్త దురైసామి. తెచ్చినవాడినే పట్టుకున్నారు. అతను నిలబడ్డ చోట, బేళ్ళ సందున, సగం కాలిన బీడీ దొరికింది. కోయంబత్తూరులో ఏ మిల్లుకి వెళ్ళినా ఒకటే రూలు. అగ్గిపెట్టె, బీడీకట్ట గేటు దగ్గర ఒప్పజెప్పి లోపల కాలు పెట్టాలి. "నువ్వేనా తెచ్చింది?" అని అడిగితే దురైసామి అవుననలేదు. కాదని కూడా అనలేదు. అప్పటినించీ, హాజరు వేసే టైం ఆఫీసు వెనక గదిలో కూర్చోబెట్టి ఉంచారు. మధ్యాహ్నం సంగు ఊదగానే పోలీసు జీపు వస్తుంది. మిల్లు సైరన్‌కి ఆ ఊళ్ళో పేరు సంగు.

జీపు ఎక్కాక అతని మాట వినేవాళ్ళుండరు. ఆస్పత్రిలో పాప్పమ్మాళ్ కళ్ళు తెరవకపోతే, అతని మీద పడేది హత్యానేరమే.

"ఏమ్మా, గేటు పీకి ఇంటికి ఎత్తుకపోతావా?"

గోవిందన్ మేస్త్రీ. మిక్సింగ్ గదికి పెద్ద. నోరు కరుకు గానీ మనిషి చెడ్డవాడు కాదు. చువ్వల అవతల నిలబడి తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు.

"మేస్త్రీ మామా, ఆయన ఏమన్నా తినెనా?"

"ఇడ్లీ తెప్పిస్తి. తినె. తినేదానికి నోరు తెరుస్తాడు, చెప్పేదానికి తెరవడు. నేనే అడిగితిని. దురై, బాప్తిస్మమని మీ కోయిల్లో నీళ్ళలో మునిగినాక నువ్వు బీడీ ముట్టలేదు, ఈ మిల్లంతా చూసిండాది, ఆ ఒక్క మాట నోటితో చెప్పు, మిగతాది నేను చూసుకుంటా అంటిని. నేల చూస్తా కూర్చునె."

"మళ్ళీ బీడీ తాగేది మొదలుపెట్టెనేమో మామా..."

అనేశాక గానీ ఏమన్నదో వీరాయికి తెలియలేదు. చేతులు చువ్వల మీదినించి జారిపోయాయి.

గోవిందన్ చువ్వలకి ఇంకా దగ్గరగా వచ్చాడు. "కట్టుకున్నదానివి నీకే నమ్మకం లేకుంటే, పోలీసోడికి ఎక్కడినించి వస్తుందమ్మా? సంగు ఊదే లోపల వాడి నోటినించి ఒక పేరు రావాల. లేకుంటే నా చేతిలో ఏమీ లేదు." తలగుడ్డ చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"అక్కా! ఇక్కడ నిలబడి ఏం చేస్తా ఉండావు? కండ్లు తిరిగి పడిపోతావు. రా."

రోడ్డు అవతల టీకొట్టు దగ్గరినించి మాయాండి పిలిచాడు. వీరాయి తమ్ముడు. అమ్మ పనికి పోయినప్పుడంతా ఈమె చంకలో పెరిగినవాడు. అదే మిక్సింగ్ గదిలో బేళ్ళు విప్పుతాడు. మంట లేచినప్పుడు తను గోడౌనులో ఉన్నాడట. "అక్కడ ఉండుంటే బావని ఒంటిగా వదిలి ఉంటానా?" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి ఏడ్చాడు. యూనియన్ ఆఫీసుకి, ఆస్పత్రికి, మళ్ళీ గేటుకి వీరాయి కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నది వాడొక్కడే.

"బోడికి పోతా ఉండా అక్కా," అన్నాడు, ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి. "బోడినాయకనూర్లో చిన్నాయన ఉండాడు కదా. ఆయన పనిచేసే కొండమీది ఏలక్కాయ ఎస్టేటు దొరకి మంచి వక్కీలు తెలుసంట. కాలు పట్టుకునైనా తీసుకొస్తా. ఇప్పుడే బస్సు."

"ఇప్పుడేనా? జీపు వచ్చేటప్పుడు నువ్వు పక్కన లేకుంటే నేను ఎట్లారా..."

"నేనుండి ఏం చేస్తా? సుమ్మా, ఊరికే నిలబడి చూడాలా?"

టీకొట్టు ఆమె గ్లాసు చాచింది. మాయాండి ఎడమ చెయ్యి చాచి అందుకున్నాడు. కుడి చేతి మీద తువ్వాలు వేలాడుతోంది.

"ఏమి తమ్మీ, చేతికిచ్చిన లక్ష్మిని ఎడమ చేత్తో తీసుకుంటావా? ఎవురు నేర్పించిరి ఈ మర్యాద?"

"బేలు ఎత్తి మణికట్టు బెణికిండాదక్కా. కోపం చేసుకోవద్దు, రేపు రెండు చేతులా దండం పెడతా," అని వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వీరాయి నవ్వలేదు. ఆమె చెవులు సంగు కోసం ఎదురుచూస్తున్నాయి.

"అమ్మ సద్ది కడతాననె. నువ్వు కోయిలికి పో అక్కా. వస్తా."

*

మిల్లు పనివాళ్ళుండే లైన్ ఇళ్ళ వెనక పెంకుల షెడ్డు. ఏసయ్యని నమ్మినవాళ్ళు దాన్నే కోయిలు అంటారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఆడవాళ్ళు జుట్టులో పత్తి నూగుతోనే చాపల మీద కూర్చున్నారు. ముందు వీరాయి తల్లి రక్కమ్మాళ్. మిల్లులో చీపురు పట్టిన చెయ్యి, ఇక్కడ ప్రార్థన నడిపించే గొంతు.

ఈ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం అడిగినా పేరు చెప్పి అడగాలి. వీళ్ళకి అక్షరం, ప్రార్థన రెండూ నేర్పిన పాతకాలపు ఉపదేశి పెట్టిపోయిన పద్ధతి అది. దేవుడికి తెలియక కాదు, అడిగేవాడు మొహం దాచుకోకుండా ఉండడానికి అనేవాడాయన. ఆయన పోయి చాలాకాలమైనా పద్ధతి పోలేదు. రక్కమ్మాళ్ అయితే పక్కింటి మేకకి కూడా పేరు చెప్పి అడుగుతుంది. గోవిందన్ మేస్త్రీ నడుం నొప్పికి ప్రతి శుక్రవారం పేరు పెట్టి అడుగుతుందని తెలిసి ఆయన, "ఏమ్మా రక్కూ, నా పేరు ఊరికే అక్కడ చెప్తా ఉంటివంటే, ఒకనాడు ఎవడురా వీడు అని పైకి పిలిపిస్తారు. అప్పుడు నువ్వే వచ్చి బదులు చెప్పాల," అని ఏడిపిస్తాడు.

వీరాయి మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. మూస్తే జీపు. తెరిచింది. తెరిస్తే తలుపు అవతల మిల్లు పొగగొట్టం.

రక్కమ్మాళ్ వచ్చి పక్కన వంగింది. "కవలై పడకు బిడ్డా, దిగులు వద్దు. అంతా ఆయన పాదాల దగ్గర పెట్టెయ్యి."

"పెడతానే ఉండానమ్మా. పెట్టి లేస్తే అది కూడా లేచి నా వెనకే వస్తా ఉండాది." వీరాయి తల్లి చెయ్యి పట్టుకుంది. "ఊపిరి ఆడలేదు. నీకు ఎట్లా ఇంత నిమ్మళం?"

పట్టుకున్న తల్లి చెయ్యి వణికింది. ఉపవాసం కదా, నీరసం అనుకుంది వీరాయి.

పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దాటకుండానే తలుపు గోడకి కొట్టుకుంది.

"పాడండి! బాగా పాడండి! ఒళ్ళు కాలిన మా అమ్మని అరిటాకు మీద పండబెట్టిండారు, మీరు చప్పట్లు కొట్టి పాడండి!"

కాంతమ్మాళ్. పాప్పమ్మాళ్ కూతురు, వైండింగ్ డిపార్టుమెంటు. చెదిరిన జుట్టు, నలిగిన చీర. ఆస్పత్రినించి నేరుగా నడిచి వచ్చింది. నుదుట పళని విభూతి చెమటకి కరిగి కారుతోంది. ఎప్పుడూ ఈ గడప తొక్కనిది, చెప్పులతోనే లోపలికి వచ్చి వీరాయి ముందు నిలబడింది.

"నీ మొగుడే ముట్టించె, నీ మొగుడే మోసుకొచ్చె. దానికి నేను దండం పెట్టాలా?"

"కాంతా, ఆయన అట్లాంటోడు కాదు..."

"కాకుంటే కాదని చెప్పేదానికి వాడికి నాలుక లేదా? చెప్పు!" కాంతమ్మాళ్ గొంతు పగిలింది. "మీరంతా పేరు చెప్పి అడుగుతారంటనే! పొద్దుటినించి మీ దేవుడిని ఏమి అడిగితివి? నా మొగుడిని కాపాడు, నా మొగుడిని కాపాడు. అంతే కదా? మా అమ్మ పేరు చెప్పినావా? ఒక్క తూరన్నా చెప్పినావా?"

వీరాయి చెప్పలేదు. మంట లేచిన రోజునించి ఈ రోజు దాకా ఒక్కసారి కూడా చెప్పలేదు. భయం ఆమె కళ్ళకి గంతలు కట్టి, ఒక్క దురైసామిని తప్ప ఎవరినీ కనిపించనివ్వలేదు.

ఆడవాళ్ళు కాంతమ్మాళ్‌ని బయటికి తీసుకుపోబోయారు. వీరాయి అడ్డుపడింది. "ఉండనియ్యండి."

కాంతమ్మాళ్ కాళ్ళ ముందే, చెప్పుల దుమ్ము పక్కనే, మళ్ళీ మోకరించింది. ఏమి అడగాలో ఆలోచించుకోలేదు.

"ఏసయ్యా, పాప్పమ్మాళ్. పాప్పమ్మాళ్ అత్త. నా పెండ్లికి మల్లెపూలు కట్టి తల్లో పెట్టింది ఆ చెయ్యే. ఇప్పుడు ఆ చెయ్యి కాలిండాది. ఆ మంట చల్లార్చు. ఆమె కండ్లు తెరిపించు. కాంతమ్మాళ్ నిద్రపోయి ఎన్నాళ్ళాయెనో, దాన్ని నిద్రపోనియ్యి. దాని కోపంలో న్యాయం ఉండాది. నేను మరిచిపోతిని. నన్ను మన్నించు. నా మొగుడు దురైసామి నీ చేతిలో ఉండాడు. ఆయన గురించి ఇంక నిన్ను పీడించను."

అంతే. మాటలు అయిపోయాయి. ఇంకేవీ రాలేదు.

కాంతమ్మాళ్ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. వీరాయి ఆమె పాదం మీద చెయ్యి వేసింది. ఆ పాదం వెనక్కి పోలేదు.

అప్పుడు వీరాయికి ఒక సంగతి తెలిసింది. ఊపిరి ఆడుతోంది. లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. గుండె దాని చోటికి దిగింది. జీపు వస్తుంది, అది మారలేదు. సంగు ఊదుతుంది, అదీ మారలేదు. కానీ చాలా రోజుల తరవాత చెవుల్లో హోరు ఆగింది. పెంకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఎవరో తన తల మీద చెయ్యి వేసి, కాస్త ఉండు అన్నట్టుంది. ఆమె ఉంది.

అందరి కోర్కెలూ కలిపి ముగింపు ప్రార్థన చేయడం రక్కమ్మాళ్ వంతు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఆండవా, పాప్పమ్మాళ్‌ని నీ చేతికి ఒప్పజెప్తా ఉండాము. కాంతమ్మాళ్‌ని ఒప్పజెప్తా ఉండాము. మా అల్లుడు దురైసామిని. గోవిందన్ మేస్త్రీని, ఆయన నడుముని. ఇంకొక బిడ్డ ఉండాడు ఆండవా. తెలియక చేసె. ఆ బిడ్డని కాపాడు. ఆ బిడ్డని దూరంగా..."

వీరాయి కళ్ళు తెరిచింది.

ఒక బిడ్డ. ఏ బిడ్డ?

పేరేది?

పక్కింటి మేకకి పేరు చెప్పే మనిషి. పేరు లేకుండా అడిగితే పిల్లల చెవులు మెలిపెట్టే మనిషి. ఇప్పుడు తలుచుకుంటే మంట లేచిన సాయంత్రంనించీ ఇదే మాట. నిన్న పొయ్యి దగ్గర కూడా ఇదే. 'ఆ బిడ్డ'. పక్కనే కూర్చుని వింది. తన గుండె చప్పుడులో వినలేదు.

హోరు ఆగిన చోట ఒకదాని వెనక ఒకటి కనిపించసాగాయి. గ్లాసు కోసం చాచిన ఎడమ చెయ్యి. కుడి చేతి మీద నించి ఎప్పుడూ జారని తువ్వాలు. బెణుకుని కప్పి దాచడమెందుకు? మంట ఆర్పడానికి పోయి చెయ్యి కాల్చుకున్నవాళ్ళు మిల్లులో ఎంతోమంది. వాళ్ళు దాచుకోలేదు, అందరికీ చూపించుకున్నారు. గోడౌనులో ఉన్నవాడి చెయ్యి ఎందుకు కాలుతుంది? కాలితే బెణికిందని ఎందుకు చెప్తాడు?

ఇక దురైసామి. బీడీ ముట్టించిందెవరో అతను చూసే ఉంటాడు. అంతటి నిందని నోరు మూసుకుని మోస్తున్నాడంటే తన కోసం కాదు. భార్య కోసం. భార్య చంకన వేసుకుని పెంచినవాడి కోసం. అతను మళ్ళీ బీడీ ముట్టాడని, ఆ గేటు ముందు నిలబడి, అనుమానించింది ఎవరు? తనే.

"ఆమేన్," అన్నారు అందరూ. వీరాయి అనలేదు.

"అమ్మా," అంది. "ఆ బిడ్డ పేరు చెప్పలేదు నువ్వు."

రక్కమ్మాళ్ చాప మడవసాగింది. "ఏ బిడ్డ? జెపం అయిపోయె. లేవండి, లేవండి."

"పేరు చెప్పి అడగమని నాకు నేర్పిందెవురు?"

"వీరాయీ, ఊరుకో."

"అమ్మా! బస్సుకి టైమాయె!" తలుపు దగ్గర నీడ పడింది. మాయాండి. భుజాన సంచీ, కుడి చేతి మీద తువ్వాలు. లోపల కాంతమ్మాళ్‌ని చూసి గడప మీదే ఆగిపోయాడు. "సద్ది ఇయ్యి. పోతా."

గోడవారన గుడ్డలో కట్టిన సద్ది మూట ఉంది. రక్కమ్మాళ్ దాన్ని తీసింది. ముడి వదులైందని బిగించబోయింది. వేళ్ళు వణికి ముడి విడిపోయింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ విడిపోయింది.

వీరాయి తల్లి చేతులని తన చేతుల్లోకి తీసుకుంది. తమ్ముడి వైపు చూడలేదు. ఆ పేరు తను చెప్పి లాభం లేదు. మొగుడిని దక్కించుకోడానికి ఇంకొకరిని తోస్తోందంటారు. కాలిన చేతికి కట్టు కట్టినదెవరో, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని నిజం విన్నదెవరో ఆ మనిషే చెప్పాలి.

"నువ్వు కూడా నా మాదిరే ఉండావు కదమ్మా," అంది వీరాయి, మెల్లగా. "నేను అది చూడలేదు. నిమ్మళంగా ఉండావు అనుకుంటిని. నువ్వు కూడా భయంతో ఉరుకుతానే ఉండావు."

"నాకు బిడ్డ ఉండడు వీరాయీ," రక్కమ్మాళ్ గొంతు గుసగుసగా మారింది. "పేరు చెప్పితే నాకు బిడ్డ ఉండడు."

"చెప్పకుంటే ఉంటాడా? ఏ కొండ ఎక్కినా ఊపిరి ఆడుతుందా? సంగు మాదిరి ఏ చప్పుడు వినిపించినా ఉలిక్కి పడతా బతకాలా? నేను బతికి చూస్తిని. అది బతుకు కాదమ్మా."

"అక్కా, ఏమి మాట్లాడతా ఉండావు?" మాయాండి గొంతు పైకి లేచింది. "అమ్మా, మూట ఇయ్యి. బస్సు పోతాది!"

కాంతమ్మాళ్ తలెత్తింది. కొంగు నోటినించి తీసింది. వీరాయిని చూసింది, రక్కమ్మాళ్‌ని చూసింది, చివరికి గడప మీద నిలబడ్డవాడి తువ్వాలుని చూసింది.

అప్పుడు ఊదింది సంగు.

పెంకులు అదిరాయి. ఆ చప్పుడు షెడ్డుని నింపి, చెవులని నింపి, పోతూ పోతూ ఇంకా పోకుండా నిలిచింది. దాని కింద ఇంకొక చప్పుడు, రోడ్డు మీద మోటారుది. గోవిందన్ మేస్త్రీ పరిగెత్తుకు వచ్చి మాయాండి వెనక, తలుపులో నిలబడ్డాడు. తలగుడ్డ చేతిలో ఉంది.

"వీరాయీ! జీపు లోపలికి వచ్చె. వాడు ఇంకా నోరు తెరవలేదు. చూడాలంటే ఇప్పుడే రా!"

వీరాయి కదల్లేదు. గుండె దడదడలాడింది గానీ దాని చోటు దాటలేదు. తల్లి చేతులు వదల్లేదు.

"పేరు చెప్పి అడుగమ్మా."

రక్కమ్మాళ్ సద్ది మూట చాప మీద పెట్టింది. మోకాళ్ళు ముడిచి కూర్చుంది. చేతులు జోడించింది. అందరూ చూస్తుండగా ఆ చేతుల వణుకు ఆగిపోయింది.

"ఆండవా," అంది. ఆ గొంతు ఎప్పటిలా గట్టిగా, తలుపు దాటి లైన్ ఇళ్ళ దాకా వినిపించేలా ఉంది. "మంట పెట్టింది నా అల్లుడు కాదు. బేళ్ళ మధ్య బీడీ ముట్టించి, కాలిన చేత్తో నా దగ్గరికి వచ్చె ఒకడు. నేను కట్టు కట్టి దాచిపెడితిని. వాడిని కాపాడు. వాడి పేరు మాయాండి. నా కొడుకు మాయాండి."